డ్రమ్ములో ఆకుపచ్చ చుక్క

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయడానికి అప్పట్లో నాకు అక్షరాలు రావు. బడికి పోయే వయసులో చంకలో చెల్లెలు ఉండేది, ఆ తర్వాత తలమీద కంకర తట్ట ఉండేది. యాభై ఐదు దాటాక మనవరాలి పలక ముందేసుకుని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా చాలాకాలం దీని జోలికి పోలేదు. ఇందులో నా అబద్ధం ఒకటి ఉంది. దాన్ని నా చేత్తో కాగితం మీద పెట్టడానికి మనసొప్పలేదు.

మాదాపూర్ బండలు పేల్చి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్న రోజులవి. అప్పటికి నేను కంకర పని మానేసి, శేరిలింగంపల్లి వైపు ఒక ల్యాబులో గాజు సామాను కడిగే పనిలో చేరాను. పొద్దంతా సింకు దగ్గర నిలబడే పని. సాయంత్రానికి మోకాళ్లు నావి కావనిపించేది. ఎంత కడిగినా బండల దుమ్ము కిటికీలోంచి వచ్చి ఆరబెట్టిన ఫ్లాస్కుల మీద వాలేది. మళ్లీ కడిగేదాన్ని.

అక్కడ కోస్తా నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ఉండేది. నాకంటే ఎక్కువ అలిసిపోయేది. మూడేళ్లుగా ఒకటే పని. అదేమిటో ఒకరోజు టీ తాగుతూ చెప్పింది.

"మన రక్తం ఎర్రగా ఎందుకుంటుందో తెలుసా అక్కా? అందులో హీమ్ అని ఒకటుంటుంది, దాని నడిమధ్య ఇనుము. కొన్ని ఎంజైముల్లో కూడా అదే ఉంటుంది. ఒక గుంటలో కూర్చుని పని చేస్తుంది. నేను ఆ గుంట గోడలు మారుస్తున్నాను. మారిస్తే, ఇంతవరకు చెయ్యని పనేదైనా చేస్తుందేమోనని."

"మూడు రాళ్ల పొయ్యి లెక్కనా? మంట గదే. రాళ్లు జరిపితే ఇంకో గిన్నె కూసుంటది."

ఆ అమ్మాయి టీ ఒలకబోసుకుని మరీ నవ్వింది. "మా సారు రెండు గంటలు చెప్పారండీ ఇదే! నువ్వెళ్లి పాఠం చెప్పు, నేను ఫ్లాస్కులు కడుగుతాను."

మూతలున్న చిన్న ప్లేట్లలో సూక్ష్మజీవులను పెంచేది. ఒక్కో చుక్కలో ఒక్కో రకంగా మార్చిన ఎంజైము. హీమ్ సరిగ్గా కూర్చున్నవి ఎర్రగా పెరుగుతాయి, కూర్చోనివి పాలిపోతాయి. ఎర్రనివి ఉంచాలి, పాలిపోయినవి కడిగేయాలి. నాకున్న చదువు ఆ రంగే.

ఒక సాయంత్రం సింకు పక్కన ఒక ఫ్లాస్కు, దాని మీద మూతలా ఒక ప్లేటు కనిపించాయి. ఫ్లాస్కులో నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ప్లేటులో ఎర్రటి చుక్కల మధ్య ఒక్కటి ఆకుపచ్చ. ఏదో కాగితం అంటించి ఉంది, కానీ అక్కడ కాగితం లేని వస్తువేది? పచ్చడి మీద అలాంటి పచ్చదనం వస్తే జాడీ అంతా పారబోస్తాం. ఇదీ బూజు పట్టిందనుకున్నాను. ఫ్లాస్కులో బ్లీచింగ్ నీళ్లు పోశాను. ప్లేటు చెత్త డ్రమ్ములో వేశాను.

ఆ ల్యాబులో ప్రాణమున్న చెత్త ఏదీ బయటికి పోకూడదు. డ్రమ్మును ఆటోక్లేవ్ అనే పెద్ద కుక్కరులో పెట్టి, గంటసేపు ఆవిరి పట్టించి, అన్నీ చచ్చాక రిజిస్టరులో వేలిముద్ర వేయాలి. ఆ రోజు నాకు ఆ గంట నిలబడే ఓపిక లేదు. బస్సు కూడా తప్పేలా ఉంది. డ్రమ్మును మూలకు నెట్టాను. వేలిముద్ర మాత్రం వేశాను. రేపు నడిపితే ఏమైతదిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున నీళ్ల ట్యాంకరు రాలేదు. ఆటోక్లేవ్ నడవలేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయి సింకు దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇక్కడ పచ్చగా ఒక ఫ్లాస్కు ఉండాలి. ఉంచమని రాసి పెట్టాను."

"బూజు అనుకున్న. పారబోసిన అమ్మా."

నాకు చదువు రాదని ఆ అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. స్టూలు మీద కూర్చుంది. మూడేళ్లలో ఒక్కసారి వచ్చిన రంగు అది, లోపల హీమ్‌కే ఏదో కొత్త పని జరుగుతోందట. గుంటలో ఏ మార్పు వల్ల అలా అయిందో ఇంకా చూడనే లేదట. వేరే చోట దాచనూ లేదట.

"ప్లేటు?" అంది చివరికి.

నేను జవాబు చెప్పేలోపే తనే లేచి రిజిస్టరు తెరిచింది. నా వేలిముద్ర చూసింది. "నిన్ననే ఆటోక్లేవ్ అయిపోయింది" అని మూసేసింది.

ఆ ప్లేటు పదడుగుల దూరంలో మూలన బతికే ఉంది. చెప్పాలంటే వేలిముద్ర అబద్ధమని చెప్పాలి. ఆ తప్పుకు మనుషులను తీసేస్తారని చేరిన రోజే చెప్పారు. సింకు వైపు తిరిగి ఫ్లాస్కులు కడగసాగాను. సాయంత్రం నేను ఇంటికి వెళ్తుంటే స్టోరు చూసే ఆయన అరిచాడు: "ఓ అక్కా, ట్యాంకరొచ్చింది. రేపు తొమ్మిదింటికి ఫస్టు డ్రమ్ములే పెట్టిస్త. నువ్వు మెల్లగ రా, నీ బస్సు నీ లెక్కనే నడుస్తది గద!"

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్లాను. డ్రమ్మును సింకు దాకా లాగి, చేతి తొడుగులు వేసుకుని, దాని పక్కనే నిలబడ్డాను. ముందు స్టోరాయన వచ్చాడు, వెనకే ఆ అమ్మాయి.

"అమ్మా, ఆ బుక్కుల నా వేలు అబద్ధం," అన్నాను. "మొన్న మిషిని నడపలే. నీ ప్లేటు ఈ డ్రమ్ములనే ఉంది."

"ఏందక్కా గిది?" అన్నాడాయన. "సారుకు చెప్పక తప్పదు నాకు."

"చెప్పు. ముందుగాల ఇది వెతకనీ."

ప్లేట్లు ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పట్టాను. కాగితాల మీది రాత నాకు పనికిరాదు, రంగే చూశాను. అడుగున దొరికింది. ఆ అమ్మాయి సన్నని తీగను మంటలో కాల్చి చల్లార్చి, ఆ చుక్కకు తాకించి, మళ్లీ పెరగడానికి కొత్త ప్లేటు మీద గీసింది. నేను డ్రమ్ము ఆటోక్లేవ్‌లో పెట్టి, గంటసేపు దాని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. ఆవిరి పోయాక రిజిస్టరు దగ్గరికి వెళ్లి, నా వేలిముద్రకు ఇక నమ్మకం లేదని అది వేయకుండా, స్టోరాయనను సంతకం పెట్టమని అడిగాను.