పసుపు కింద అక్షరాలు

గాజువాకలో మా మేనత్త పోయిందని పోయిన నెలలో మొదటి బస్సులో వచ్చిన మనిషి కబురు చెప్పాడు. మా ఊరు పద్మనాభం నుంచి నేను వెళ్లేసరికి వాకిట్లో నలుగురే ఉన్నారు. పిల్లల్లేని మనిషి. ఆమెకంటూ ఉన్నది రోడ్డు పక్కన ఒక రాయి.

తెల్లదొరల కాలంనాటి యుద్ధం రోజుల్లో సిపాయిల దండు ఈ దారినే నడిచి వెళ్లిందని ఆ రాతి మీద చెక్కి ఉంటుంది. ఆ దండులో మా మావయ్య ఉన్నాడు. అత్త మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చేసరికి ఆయన వరస దాటిపోయిందట. వెనక్కి తిరిగి చెయ్యెత్తాడట, అంతే. మళ్లీ రాలేదు, చనిపోయాడన్న కబురూ రాలేదు. అత్త బొట్టు తియ్యలేదు.

నా చిన్నప్పుడు ఆ రాత నాచేత చదివించుకునేది. “పేర్లు నేవేటే?” అనేది ప్రతిసారీ, ఈసారైనా మావయ్య పేరు ఉంటుందేమో అన్నట్టు.

లారీ డ్రైవర్లు ఆ రాయిని అమ్మవారనుకున్నారు. పసుపు పూసి కొబ్బరికాయ కొట్టేవాళ్లు. “బ్రేకులు పట్టకపోతే ఆటోనగర్ ఎల్లు, ఈడికెందుకొత్తావ్?” అని అత్త తగులుకునేది. వాళ్లు వెళ్లగానే నీళ్లు పోసి కొంగుతో తుడిచేది.

“పోన్లే అత్తా, దణ్ణమే గదా పెడతన్నారు” అన్నానొకసారి.

“మనిసిని దేవుడ్ని సేసేత్తే, మరి ఇంటికెలా వత్తాడే?”

మా వైపు పోయినవాళ్ల పేరున రాయి నిలిపి పసుపు పూస్తారు. ఆవిడ భయం అదీ.

ఉక్కు ఫ్యాక్టరీకి లారీలు పెరిగి రోడ్డు వెడల్పు చేసిన ఏడు, రాయి పీకేస్తారని తెలిసింది. అత్త మేస్త్రీని బతిమాలింది, అతను వినలేదు. మర్నాడు కూలీలు గునపాలతో వచ్చేసరికి అత్తే రాయికి నిండా పసుపు పూసి, తన కుంకుమ భరిణ మొత్తం దాని మీద ఒంపేసి పక్కన కూర్చుంది. కూలీలు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. రోడ్డే కాస్త పక్కకి జరిగింది.

“ఎంత పని సేసినావత్తా!” అన్నాను.

“రాయైనా ఉండాల గదే” అంది.

ఆ భరిణ మళ్లీ నింపలేదు. ఆ రోజు నుంచి ఆవిడ నుదుట బొట్టు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

పెద్దకర్మ అయ్యాక రాయి దగ్గరికి వెళ్లాను. ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు కొబ్బరికాయ కొట్టి, “ఏ అమ్మోరండీ ఈవిడ?” అని అడిగాడు. మా మావయ్య అని నోటిదాకా వచ్చింది. ఇంక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

“శానా మహిమున్న తల్లి బాబూ” అన్నాను.

అతను చెంపలేసుకుని లారీ ఎక్కాడు. కొబ్బరినీళ్లు కారినచోట పసుపు కరిగి ఒక అక్షరం బయటపడింది. అత్తలాగే తుడుద్దామని కొంగు చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ వదిలేసి, కింద రాలిన పసుపు తీసి ఆ అక్షరం మీద అద్దాను.