మూడు మూలల గుడ్లు

కెలమంగలంలో పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రంలో పన్నెండేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. గుడ్లు పెట్టడం అయిపోయిన తల్లి సీతాకోకను చిన్న రోట్లో నూరి, ఆ రసం చుక్క గాజుపలక మీద వేసి చూడాలి. రోగం కనబడిందంటే దాని గుడ్లన్నీ పొయ్యిలోకి. రోగం లేకపోయినా, ఆకారం చెడిన గుడ్డు కంటబడితే సూదిమొనతో పక్కకు నెట్టేవాణ్ని. అదీ పొయ్యిలోకే. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, అన్నం తినేటప్పుడు కూడా విరిగిన మెతుకుల్ని ఏరి కంచం అంచుకు తోసేవాణ్ని.

తొంభైల చివర ఒక వానాకాలంలో కృష్ణగిరి నుంచి ఒక కాలేజీ లెక్చరరమ్మ వచ్చింది. డాక్టరేటు చేస్తోంది. అది చేతికి రాకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు. ఉద్దనపల్లి దాటాక ఉన్న కొండబండ మీద వాననీళ్లు నిలిచే గుంతలున్నాయి, మేము దొనలంటాం. వాటిలో వెల్లకిలా ఈదే గోరంత రొయ్యపురుగు ఆమెకు కావాలి. నీళ్లు ఎండితే ఆ పురుగు చస్తుంది. గుడ్లు మాత్రం మట్టిలో ఎండి పడి ఉండి, మళ్లీ వాన పడితే పగులుతాయి.

కొండ చూపించడానికి నేనే వెంట వెళ్లాను. ఊరికే నడవలేక ఒక కథ చెప్పాను.

"ఒక ఏడు వాన ఎక్కువై ఈ పురుగులు కొండ దిగి మా సంతకు వచ్చినాయమ్మా. వాటిని తొక్కినోళ్లంతా మూడు దినాలు వెల్లకిలా నడిచినారు."

ఆమె రెండు ముక్కలు రాసుకుని పెన్ను మూసింది. "ఏం రాసుకున్నానో తెలుసా అప్పా? నీ మాట ఒక్కటీ నమ్మకూడదని."

ఒకే దొనలో పట్టిన ఎనిమిది తల్లుల్ని ఎనిమిది సీసాల్లో విడివిడిగా పెంచింది. అవి గుడ్లు పెట్టాక ఆ సీసాలు నా దగ్గరికి తెచ్చింది, వాళ్ల కాలేజీ మైక్రోస్కోపు అద్దానికి బూజు పట్టిందట.

"ఎట్లా ఉండాయో అట్లా బొమ్మ గీసి పెట్టప్పా. ఏం వెతుకుతా ఉండానో మాత్రం చెప్పను. చెబితే లేనిది కూడా చూసినానంటావు."

రోట్లో సీతాకోకల్ని నూరే అక్క పక్కనుంచి అందుకుంది. "ఏమప్పా, రొయ్యలకు కూడా రోగం చూస్తా ఉండావా? పులుసులోకేనా?"

ఎనిమిది సీసాలూ శుభ్రంగా చూశాను. గుండ్రంగా ఉన్నవి ఉంచాను. అక్కడక్కడా మూలలు తేలి, నొక్కిన చింతగింజల్లా ఉన్నవాటిని సూదితో నెట్టేశాను. అక్క వాటిని చచ్చిన సీతాకోకలతో కలిపి పొయ్యిలోకి ఊడ్చింది. మిగిలినవాటికి ముచ్చటగా బొమ్మలు గీశాను, అన్నీ సున్నాలే.

వారానికి లెక్చరరమ్మ వచ్చి కాగితం చూసింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"మూడు మూలలవి ఏవప్పా?"

అప్పుడు చెప్పింది. గుడ్డు ఆకారం మారితే జాతి వేరని పెద్దలు రాశారట. ఈ దొనలో ఒకే తల్లి గుండ్రటివీ పెడుతుంది, మూడు మూలలవీ పెడుతుంది, భూతద్దంలో చూసిందట. తిరిగిన దొనలన్నిటిలో ఇక్కడ ఒక్కచోటే అట్లా ఉందట. అది రుజువైతే డాక్టరేటు వచ్చినట్టే.

అక్క చేతిలో పొత్రం ఆగింది. నా వైపే చూస్తోంది. ఇన్నేళ్లలో నా కన్ను ఒక్కసారి కూడా తప్పలేదని పొద్దున్నే ఆమె ముందు కోతలు కోసి ఉన్నాను.

"లేవమ్మా. ఉంటే నా కంటికి దొరక్కుండా పోతాయా?"

పొత్రం మళ్లీ కదిలింది.

"అయితే నా కన్నే మోసపోయింది" అంది లెక్చరరమ్మ.

"వయసు మీదపడితే అంతేనమ్మా" అన్నాను. నాకంటే ఆరేడేళ్లు చిన్నది.

మరుసటి ఏడు వానలప్పుడు మళ్లీ వచ్చింది. ఆ సున్నాల కాగితాన్ని ఆమె గైడు నలుగురి ముందు ఆమె చేతే చదివించాడట. "మూడు మూలలు నీ తలకాయకుండాయి" అన్నాడట.

"పురుగుల్ని మళ్లీ పట్టుకుందాం పదప్పా, మొదట్నించీ" అంది.

కొండెక్కితే దొన లేదు. గ్రానైటు క్వారీవాళ్లు ఆ బండను జున్నుముక్కల్లా కోసి పెట్టారు. ఒక దిమ్మె అంచున దొన వంపు సగం మిగిలింది, పగిలిన చట్టి పెంకులాగా. దిమ్మెను పక్కకు దొర్లించినందువల్ల అందులో చుక్క నీళ్లు కూడా నిలవలేదు. ఆమె ఆ వంపులో చెయ్యి పెట్టి, గోటితో మట్టి కోసం గీకింది. రాతిపొడి వచ్చింది.

అప్పుడు చెప్పేశాను. సూది, పొయ్యి, చింతగింజలు, అన్నీ.

ఆమె నన్ను చూసి నవ్వింది. "నన్ను ఓదార్చేదానికి తప్పు నీ నెత్తినేసుకుంటా ఉండావు. ఇంత మంచోడివని అనుకోలేదప్పా."

"ఒట్టమ్మా. కావాలంటే రోటికాడ అక్కను అడుగు."

"ఆమెకు కూడా చెప్పి పెట్టినావా?"

కొన్నేళ్లకు హోసూరు బస్టాండులో కనబడింది. డాక్టరేటు వదిలేసి, ఏదో ప్రైవేటు స్కూల్లో చేరిందట. పదిమంది ఆడపిల్లల్ని ఎక్కడికో తీసుకెళుతోంది. నన్ను చూడగానే వాళ్లను పిలిచింది.

"ఈ మామను చూడండి. నోరు తెరిస్తే అబద్ధమే. కానీ ఒకసారి నా కోసమని ఒక మంచి అబద్ధం చెప్పినాడు."

"ఏం అబద్ధం మామా? చెప్పు మామా!"

బస్సు ఇంకా రాలేదు. జరిగింది జరిగినట్టు, ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. గుడ్లు పొయ్యిలో పడేసరికి పిల్లలు పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది.