నలభై ఒక్క కొట్టివేతలు

1976 మార్చిలో నన్ను కొత్తగూడకు నీటిపారుదల సూపర్వైజరుగా పంపారు. డిప్లమా చదివినవాళ్లకు అప్పట్లో ఇచ్చే హోదా అది. రెండేళ్ల ప్రొబేషన్‌లో నాకు ఇక మూడు నెలలే మిగిలాయి. అప్పగించిన పని వాగు నుంచి ఒక కుంటకు కాలువ తవ్వడానికి లెవల్స్ తీయడం, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. వానలు పడకముందే ముగించాలి.

మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి లాంటి లెవల్ పరికరం ఉంటుంది. ఎదురుగా నా సహాయకుడు, ఖలాసీ కొమురయ్య, స్టాఫ్ అనే అంకెలు గీసిన పొడవాటి కర్ర నిలబెడతాడు. నేను అందులోంచి చూసి అంకెను లెవల్ బుక్‌లో రాస్తాను. ప్రతి అంకె పక్కన రిమార్కుల గడి ఉంటుంది. అందులో ‘బండ మీద’, ‘గట్టు మీద’ అని రాస్తే చాలు.

నాకు చాలేది కాదు. రాస్తే తప్ప చూసినట్టు ఉండని అలవాటు నాకు బడి రోజుల నుంచీ ఉంది. అందుకని ఇలా రాసేవాణ్ణి: ‘ముత్తవ్వ పెరటి ఇప్పచెట్టు వేరు మీద. “ఏంది బిడ్డా, ఆ గొట్టంల నా కోడలు గిట కనపడుతదా? పొద్దటిసంది పత్తా లేదు” అని అడిగింది. కనపడలేదు.’

“సారూ, గిది లెవల్ బుక్కా, ఒగ్గు కథనా? చేతులు గుంజుతున్నయ్, జర జల్ది రాయుండ్రి” అనేవాడు కొమురయ్య.

పని ముగిసే వేళకు డిప్యూటీ ఇంజినీరు గారు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. నాకు భయం పట్టుకుంది. లెవల్ బుక్‌లో పేజీలకు నంబర్లుంటాయి, చింపకూడదు. చెరపనూ కూడదు. తప్పు రాస్తే, కింది అక్షరాలు కనబడేలా ఒకే గీత కొట్టి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. నేను నిబంధన తు.చ. తప్పకుండా పాటించి, నలభై ఒక్క రిమార్కులు కొట్టేశాను.

కొమురయ్య తొంగిచూసి నవ్వాడు. “ఇంతకుముందు ఎవ్వరు సూడకపోదురు. ఇగ ఇవే సదువుతరు సారూ.”

అసలు ముప్పు నేను మరిచిన ఇంకో పద్ధతిలో ఉంది. మా సబ్ డివిజన్‌లో ఒక పేజీలో మూడుకు మించి దిద్దుబాట్లుంటే ఆ భాగం మళ్లీ సర్వే చేయాలి. నా పుస్తకంలో అలాంటి పేజీలు తొమ్మిది. మళ్లీ సర్వే అంటే వానలొచ్చేస్తాయి, నా ప్రొబేషన్ కూడా ఆగుతుంది.

డిప్యూటీ ఇంజినీరు గారిది పాలకుర్తి వైపు. ఆయన పేజీలు తిప్పి అన్నారు: “కొట్టేసినవంటే తప్పు రాసినట్టే గద తమ్మీ? నేనెట్ల సంతకం పెట్టాలె? ఒక్కోదానికి కారణం రాసియ్యి. పొద్దుగూకక ముందు.”

పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చున్నాను. మొదటిదానికి ‘అనవసరం’ అని రాశాను. రెండోదానికీ అదే. అయిదోదానికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఒక్కటీ తప్పు కాదు. కాగితం మార్చి, ఉన్నదున్నట్టు మొదలుపెట్టాను. ‘ఒకటి: నిజమే, భయపడి కొట్టేశాను. రెండు: నిజమే, ముత్తవ్వ కోడలు సాయంత్రానికి దొరికింది.’

ఆయన వరసగా చదువుతూ పదిహేడు దగ్గర ఆగారు. ఆయన పోయినసారి వచ్చినప్పుడు నేను రాసిన రిమార్కు ఇది: ‘డిప్యూటీ ఇంజినీరు గారి జీపు దిగబడిన గుంత. లోతు 0.45 మీటరు. ఆరుగురు తోశారు.’ నా కారణం: ‘నిజమే. లోతు స్టాఫ్‌తో కొలిచాను.’

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “గిది తప్పే తమ్మీ. తోసినోళ్లు ఏడుగురు. ఏడోవాణ్ణి నేనే.”

మర్నాడు, మళ్లీ సర్వేకు బదులు, ఆయనే పరికరం దగ్గర నిలబడి ఆ తొమ్మిది పేజీల్లో పాయింట్లు ఎంచి సరిచూశారు. తేడా హద్దులోనే వచ్చింది. ‘అంకెలు సరి. మాటలు ఎక్కువ’ అని రాసి సంతకం పెట్టారు. ప్రొబేషన్ సకాలంలో ముగిసింది.

ఆ వారమే మహబూబాబాద్‌లో నా కోసం ఒక నోట్‌బుక్ కొని పేజీలకు నంబర్లు వేశాను. ఉద్యోగం ముగిసేసరికి అలాంటివి ముప్పై ఒకటి అయ్యాయి. నేను నేర్చుకున్నది ఇంతే: కొట్టేసిన మాట పక్కన కూడా ఉండేది మన సంతకమే. కారణం రాయగలిగితేనే గీత కొట్టాలి.