ముప్పై ఒకటో ప్రశ్న

మా వంశంలో నలభై మంది చేత ఒకే పూట తప్పుడు మనిషికి దండం పెట్టించిన ఘనత నాది. మనిషి అన్నానా? అది కూడా తప్పే. నవ్వదలచినవాళ్లు చివరిదాకా ఓపిక పట్టండి. ఆ రోజు నా డైరీలో ఒకే ముక్క ఉంది: "ఎండ ఎక్కువ."

అప్పుడే రిటైరయ్యాను. జీవితమంతా రికార్డుల సెక్షన్‌లో గడిపినవాణ్ణి; ఫైలు లేకపోతే అన్నం సహించదు. అందుకని మా ముత్తాత మల్లయ్య మీద ఒక ఫైలు తెరిచాను. కరువుకు ఊరు విడిచి పట్నం వచ్చి, హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం పెట్టిన మా మొదటి మనిషి ఆయన. ఆయన్ని చూసినవాళ్లలో మిగిలింది తొంభై దాటిన మా మేనత్త ఒక్కతే.

"నేను పోకముందు మా తాత ముచ్చట కాయితాల మీదికి ఎక్కియ్యి అల్లుడా" అంది.

నలభై రెండు ప్రశ్నలు తయారుచేసి, వారానికి ఒకటి చొప్పున అడగసాగాను.

"తాత వచ్చేటప్పుడు ఎంబడి..."

"ఆగు అత్తమ్మా. అది పదమూడో ప్రశ్న. ఇప్పుడు నాలుగే నడుస్తున్నది."

"యాదికొచ్చినప్పుడు చెప్పనియ్యవేంది? పదమూడు దాంక నేనుంటనా? గా కొట్టం ఎనక సమాధి..."

"అది ముప్పై ఒకటి."

అత్తమ్మ అటు తిరిగి పడుకుంది. నేను స్వయంగా పరిశోధనకు బయల్దేరాను. మా పాత బర్రెల కొట్టం ఇప్పుడు ఖాజాభాయ్ ఇనుప సామాను గోదాం. దాని వెనకాల పాత గద్దె ఒకటి కనిపించింది.

"సాబ్, మీ పెద్దోళ్లు హర్ సాల్ సదర్ పండుగ నాడు గిక్కడ దీపం పెడుతుండిరి. మా అబ్బా చెప్తుండె" అన్నాడు ఖాజాభాయ్.

ఇంకేం కావాలి? గద్దెకు సున్నం కొట్టించాను. "మల్లయ్య గారు ఇక్కడ విశ్రమిస్తున్నారు" అని రాయి చెక్కించాను. చనిపోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రామాస నాడు చుట్టాలందరినీ పిలిచాను. విస్తట్లో ముత్తాతకు ఇష్టమైన మాంసం కూర, పక్కన కల్లు, చుట్ట. అయ్యగారు అడిగితే గోత్రం గట్టిగా చెప్పాను. మా తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు ఆటోలోంచి అత్తమ్మ దిగింది.

"గీ కల్లు ఎవ్వలికి?"

"మల్లయ్య తాతకు, అత్తమ్మా!"

"తాతను మూసీ ఒడ్డున కాలవెట్టిన్రు గదరా. గీడున్నది మా గౌరి."

"గౌరి ఎవరు?"

"బర్రె."

తమ్ముడి ఏడుపు సగంలో ఆగింది. అయ్యగారు నా వైపు కాక గోడ వైపు చూశారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నవాడు నాకంటే నయం. వాడు దూడకు గోత్రం చెప్పలేదు.

"సదర్ ఎవ్వలి పండుగ? మనుషులదా, బర్రెలదా? పాలోళ్ల ఇంట్ల పుట్టి గంత తెల్వదా? బర్రెకు చుట్ట పెడ్తివి. గడ్డేది?"

"రాయి తీసేయిస్త అత్తమ్మా" అన్నాను, తల ఎత్తకుండా.

ఆమె వంగి రాతి మీద చెయ్యి పెట్టింది.

"ఉండనియ్యి. పేరొక్కటి మార్పియ్యి. కరువుకు ఊరిడిచి నడిచొచ్చేటప్పుడు మా నాయిన చంకల పిల్లగాడు. వాళ్లవ్వకు పాలు లెవ్వు. గిదే తొవ్వ పొడుగూతా వాని కడుపు నింపింది. గిది లేకుంటె నాయిన లేడు, నేను లేను, నువ్వు లెవ్వు, నీ ప్రశ్నలు లెవ్వు."

ఖాజాభాయ్ వెళ్లి ఒక గడ్డిమోపు తెచ్చి గద్దె ముందు పెట్టాడు. నలభై మందిమీ మళ్లీ దండం పెట్టాం. ఈసారి ఎవరికి పెడుతున్నామో తెలిసి పెట్టాం.

మర్నాటి నుంచి అత్తమ్మ ఇష్టమొచ్చిన చోట మొదలుపెట్టింది, నేను రాసుకుంటూ పోయాను. నోటుబుక్కు నిండిన కొద్ది రోజులకే ఆమె పోయింది. నా పద్ధతిలోనే సాగి ఉంటే, అప్పటికి తొమ్మిదో ప్రశ్న కూడా దాటేవాళ్లం కాదు.

అందుకే గౌరి గద్దె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పెద్దవాళ్లు నోరు తెరిస్తే ఈ జన్మలో మళ్లీ నెంబరు చెప్పి ఆపను. ఇక ప్రతి పెత్రామాసకు మా ఇంట్లో రెండు విస్తళ్లు. ముత్తాతకు కల్లు, చుట్ట. అంతకంటే ముందు, గౌరికి గడ్డి.