ఒడిలో పాత బాక్స్

ఇది నిజంగా జరిగింది. పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయమంటే మాత్రం వేయను, ఇంకే ఒట్టయినా వేస్తాను. నేను డిగ్రీ చదివాను, అదీ సైన్సు. హాస్టల్లో దయ్యాల కబుర్లు చెప్పే అమ్మాయిలను చూసి నవ్వినదాన్ని. ఇప్పుడు రాత్రి పన్నెండు దాటింది. పాప పక్కనే పడుకుంది. నాలుగు వాక్యాలు రాసి, ఆగి, దాని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకుని... మళ్ళీ రాస్తున్నాను.

రెండు నెలల కిందటి మాట. మేము కోస్గిలో ఉంటాం. మా ఆయన సత్తయ్య కారు కిరాయికి నడుపుతాడు. కొత్త రకం పెట్రోలు బండి, కాకపోతే సెకండ్ హ్యాండు. ఇంజన్‌లోకి ఎంత పెట్రోలు పోవాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో అంతా ఒక అల్యూమినియం డబ్బా చూసుకుంటుంది. మెకానిక్ ఖాజా దాన్ని కంప్యూటర్ బాక్స్ అంటాడు. రెండు అరచేతులు కలిపినంత ఉంటుంది. ఆ బాక్స్ పాడైంది. నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయేది. వేడి తగ్గాక మళ్ళీ స్టార్ట్ అయ్యేది. ఖాజా పట్నం నుంచి ఇంకో బాక్స్ తెప్పించాడు. తెల్లారి బిగిద్దామనుకున్నారు.

ఆ సాయంత్రమే పాపకు ఎక్కువైంది. దానికప్పుడు అయిదో నెల. మూడు రోజుల నుంచి జలుబు, జ్వరం. ఆ మధ్యాహ్నం నుంచి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరుస్తుంది, ముఖం ఎర్రబడుతుంది... ఏడుపు రాదు. గాలి మాత్రం సన్నగా ఈల వేసినట్టు వస్తుంది. చీకటి పడేసరికి డొక్కలెగరేయడం మొదలుపెట్టింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది.

ఊళ్ళో డాక్టరు చూసి, "నా తాన ఆక్సిజన్ లేదమ్మా. మహబూబ్‌నగర్ దవాఖానకు తీస్కపోండ్రి. ఆల్సెం చెయ్యకుండ్రి" అన్నాడు.

మా ఆయన తాళం తిప్పాడు. బండి ఒక్కసారికే స్టార్ట్ అయింది. అవకుండా ఉంటే బాగుండేదేమో.

ఖాజా అట్టపెట్టె చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అరగంట ఇయ్యి చెల్లె. బాక్స్ మార్చినాకనే పోదాం. తొవ్వల ఆగితే పరేషాన్ అయితది."

"స్టార్ట్ అయింది గదన్నా. అరగంట యాడికెళ్లి తేవాలె నేను? దీని డొక్కలు చూడు."

అతను చూశాడు. అట్టపెట్టె, పానాల సంచీతో సహా ముందు సీట్లో కూర్చున్నాడు. "గట్లయితే నేను గూడ వస్త."

అది నా నిర్ణయం. ఇంకెవరిదీ కాదు.

దారిలో ఖాజా నా భయం పోగొట్టాలనుకున్నాడు కాబోలు. "సత్తన్నా, బండిల కంప్యూటర్, ఇంట్ల డిగ్రీ. రెండిట్ల ఒక్కటన్న నీ మాట ఇంటదా?" అన్నాడు.

"రెండూ ఇనయి భాయ్. ఏ జాగల అంటే ఆ జాగల నన్నే ఆపుతయి."

నేను కూడా నవ్వాను. నవ్వుతూనే పాప ఈల వింటున్నాను.

కోయిల్‌కొండ దాటాక బండి ఆగింది. కుదుపేమీ లేదు. ఇంజన్ శబ్దం పోయింది, అంతే. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కొంత దూరం దానంతటదే దొర్లి రోడ్డు పక్కన నిలబడింది. అటూ ఇటూ ఆముదం చేన్లు, వాటి వెనక గుండ్ల గుట్టలు. ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. చల్లారనిచ్చి రెండుసార్లు తాళం తిప్పారు. రాలేదు.

"ఇగ చూసుడు లేదు, మార్చుడే" అన్నాడు ఖాజా.

ఆ బండిలో బాక్స్ బ్యాటరీ వెనక ఉంటుంది. బానెట్ పైకెత్తారు. ఖాజా ముందు బ్యాటరీ టర్మినల్ పీకేశాడు. కరెంటు ఉండగా బాక్స్ తీస్తే కొత్తది కూడా కాలిపోతుందట. దాంతో బండిలో ఉన్న చిన్న లైటు కూడా ఆరిపోయింది. వెనక సీట్లో నేను, పాప. చలిగాలికి అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. ముందు బానెట్ నల్లగా అడ్డం నిలబడింది. దాని కింది సందులోంచి టార్చిలైటు వెలుగు ఒక గీతలా కనిపిస్తోంది. పానా చప్పుడు... టిక్... టిక్... టిక్.

కాసేపటికి మా ఆయన వచ్చి అద్దం దింపించి పాత బాక్స్ నా చేతిలో పెట్టాడు. "జర పట్టుకో. ఇది పట్నంల వాపస్ ఇస్తేనే కొత్తది మనకు ఉంచుతరు. కింద పెడితే పిన్నుల్ల దుమ్ము పోతది. పాప ఎట్లుంది?"

"గట్లనే ఉంది. జల్ది కానియ్యి."

అతను వెళ్ళగానే అద్దం మళ్ళీ ఎక్కించాను. నేను బాక్స్‌ను ఒడిలో, పాప కాళ్ళ దగ్గర పెట్టుకుని కొంగు కప్పాను. ఇంకా వేడిగా ఉంది. పాప ఒంటికెంత జ్వరముందో అంత వేడి.

ఇక్కడి నుంచి నెమ్మదిగా రాస్తాను. ఏదీ వదలకూడదు.

ఈల... గుంట... ఈల... గుంట. నేను దానితోపాటు లెక్కపెడుతున్నాను. పానా చప్పుడు ఆగింది. తర్వాత నా కింద సీటు వణికింది. చాలా కొద్దిగా. ముందు తొడలకు తెలిసింది, ఆ తర్వాతే చెవులకు. ఇంజన్... మా బండి ఇంజనే. నిలబడి నడుస్తున్నప్పుడు మూడు దెబ్బలకొకసారి చిన్నగా తడబడుతుంది. రోజూ రాత్రి ఆయన కోసం ఎదురుచూసేదాన్ని, ఆ తడబాటు నాకు తెలియకపోవడమేమిటి.

అమ్మయ్య అనుకున్నాను. "అయిపోయింది బిడ్డా, పోదాం" అని పాపతో అన్నాను కూడా.

ఎవరూ బానెట్ దించలేదు. ఎవరూ వచ్చి కూర్చోలేదు. చిన్న లైటు వెలగలేదు. ఆ వెలుగు గీత కదలకుండా అలాగే ఉంది. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది.

అప్పుడు గమనించాను... ఈల లేదు.

చెవి దాని నోటి దగ్గర పెట్టాను. ఏమీ లేదు. చెంప ఆనించాను. గాలి తగల్లేదు. ఛాతీ మీద చెయ్యి వేశాను. కదులుతోంది... కానీ సీటు కదులుతోంది, నా చెయ్యి కదులుతోంది, మొత్తం బండే వణుకుతోంది. అందులో పాప ఊపిరి ఏదో, ఇంజన్ ఏదో నాకు తెలియలేదు. నా జీవితంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ లేను.

"ఇంజన్ బంద్ చెయ్యి" అని అరిచాను. ఎవరూ రాలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ను పేరు పెట్టి పిలిచాను. రెండుసార్లు, మూడుసార్లు. ఆ వెలుగు గీత కదల్లేదు. అరికాళ్ళు గిల్లాను. ముఖం మీద ఊదాను. ఒడిలో బాక్స్ కాలుతోంది. పాపను ఒక్క ఊపున భుజం మీదికి ఎత్తాను. బాక్స్ జారి కింద పడింది. ఠంగ్.

ఇంజన్ ఆగింది. తడబడే ఆ మూడో దెబ్బ దగ్గర... సగంలో.

నిశ్శబ్దం. ఎంతసేపో చెప్పలేను. ఆ తర్వాత నా చెవి పక్కన చిన్న ఎక్కిలి. మళ్ళీ ఈల.

బానెట్ అవతల ఖాజా గొంతు మామూలుగా వినిపించింది. "ఆఁ... టర్మినల్ పెట్టు సత్తన్న."

చిన్న లైటు వెలిగింది. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. మహబూబ్‌నగర్ దాకా ఎక్కడా ఆగలేదు. దారి పొడుగునా పాపను భుజం మీంచి దించకుండా ఈల లెక్కపెట్టాను.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లారుతుండగా పాప పెదవుల నలుపు తగ్గింది. వరండాలో వాళ్ళిద్దరూ చాయ్ తాగుతుంటే వెళ్ళి అడిగాను. "నేను అంతగనం ఒర్రితే ఎందుకు రాలే? బానెట్ తీసి ఉండంగనే ఇంజన్ ఎందుకు స్టార్ట్ చేసిండ్రు?"

ఖాజా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"స్టార్ట్ చేసుడేంది చెల్లె? బాక్స్ నీ ఒళ్లె ఉండె. టర్మినల్ పీకి ఉండె" అన్నాడు ఖాజా. చేతులు రెండూ చాపి చూపించాడు. "ఇంజన్ తిరిగితే గీ ఏళ్ళు ఫ్యాన్ల పడి పోవా?"

"మరి నేను పిలిచింది?"

"నువ్వు పిలువలే" అన్నాడు మా ఆయన. "పాపనే ఏడ్చింది."

నేను లోపలున్న పాప వైపు తిరిగి చూశాను. ఆయన చెబుతూనే ఉన్నాడు.

"గట్టిగ ఏడ్చింది. గొంతు తెరుసుకుంది భాయ్, ఇగ ఫికర్ లేదని నేనే అన్న."

ఖాజా తలూపాడు. "నేను గూడ విన్న. పిన్నులు సన్నగ ఉంటయి చెల్లె. చెయ్యి వణికితే ఒంగిపోతయి. పాప ఏడుస్తాంది గద, పానం మంచిగుందని నిమ్మళంగ పెట్టిన."

పిల్లల డాక్టరును అడిగాను, మధ్యలో ఒకసారి గట్టిగా ఏడ్చి ఉంటుందా అని. ఆ గొంతుతో కుదరదని చెప్పాడు. దానికి గొంతు వచ్చింది దవాఖానలో చేరిన ఆరో రోజున. అదీ పిల్లికూన గొంతు.

ఇంటికొచ్చాక అత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది. "గా పాత సామాను ఒడిల పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"ఒడిబియ్యం పోసుకునే ఒడి బిడ్డా అది. పసిదాని పక్కన, పనికిరాదని పీకి పారేసినదాన్ని పెట్టుకుంటరా?"

అది ఒట్టి అల్యూమినియం డబ్బా అత్తమ్మా అన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. ఉప్పు తెచ్చి మా ఇద్దరికీ దిష్టి తీసింది. సైన్సు చదివిన నేను కదలకుండా నిలబడ్డాను.

కారణాలు వెతుక్కున్నాను. భయంతో నేనే వణికానేమో, ఆ వణుకునే ఇంజన్ అనుకున్నానేమో. అద్దాలు ఎక్కించి ఉన్నాయి కాబట్టి నా అరుపే వాళ్ళకు పాప ఏడుపులా వినిపించిందేమో. ఆ మాట మా ఆయనతో అంటే, "నీ గొంతు నాకు తెల్వదా?" అన్నాడు.

ఒక్కటి మాత్రం తెలుసు. ఆ ఏడుపు వినిపించకపోతే వాళ్ళు నా అరుపు విని, పని వదిలేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. బాక్స్ బిగించేవాళ్ళు కాదు. ఊపిరాడని పిల్లను ఎత్తుకుని ఆ ఆముదం చేన్ల మధ్య ముగ్గురం నిలబడి ఉండేవాళ్ళం. పాప దక్కేది కాదు. అంటే ఆ ఏడ్చింది ఏదో... పాపను కాపాడిందా? లేక పాప ఊపిరి ఆగినంతసేపు ఎవరూ నా దగ్గరికి రాకుండా ఆపిందా? కొన్ని రాత్రులు మొదటిది అనుకుని దండం పెట్టుకుంటాను. కొన్ని రాత్రులు అలా అనుకోలేను.

ఇప్పుడు పాప బాగా ఏడుస్తుంది. పాలకు ఏడుస్తుంది, నిద్రకు ఏడుస్తుంది. ఏడ్చినప్పుడల్లా మా ఆయన ఎక్కడున్నా వచ్చి, తల ఒక పక్కకు వంచి వింటాడు. ఏమైందంటే ఏం లేదనేవాడు. నిన్న రాత్రి పాప ఏడుపు ఆపి పడుకున్నాక, గోడ వైపు తిరిగి చెప్పాడు.

"గా రాత్రి నేను విన్నది ఈ గొంతు కాదు."