భయపడటానికి పావుగంట

మొదటిసారి అది నన్ను పట్టుకున్నది గుడివాడ రైల్లో. అప్పటికి పదకొండేళ్ళుగా బందరు నుంచి గుడివాడకి రోజూ అదే ప్యాసింజర్లో వెళ్తున్నాను. అక్కడొక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. ఆ రోజు కిటికీ పక్క సీటు కూడా దొరికింది. కవుతరం దాటాక ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అరచేతులు చల్లబడ్డాయి. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. ఎదుటి సీట్లో ఒకావిడ వేరుశనక్కాయలు వలుచుకుంటూ నాకేసి చూస్తోంది. నేను చివరిసారిగా చూసే ముఖం ఆవిడదేనని గట్టిగా నమ్మాను. గుడ్లవల్లేరులో దిగిపోయి, ప్లాట్‌ఫాం బెంచీ మీద కూలబడి మా ఆయనకి ఫోన్ చేశాను.

ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, ఇంకేవో పరీక్షలు చేశారు. "గుండె భేషుగ్గా ఉందమ్మా. ఇది గుండె జబ్బు కాదు, ఆందోళన. దానికి వేరే డాక్టరుగారున్నారు, చూపించుకోండి," అన్నారు.

నేను వెంటనే వెళ్ళలేదు. సిగ్గేసింది. ఈలోగా అది చేపల మార్కెట్లో ఒకసారి, వంటింట్లో పోపు పెడుతూ ఒకసారి వచ్చింది. ల్యాబులో ఎవరి రిపోర్టు చూసినా ఆ జబ్బు నాకే ఉందనిపించేది. విజయవాడలో చదువుకుంటున్న మా అమ్మాయి ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే చాలు, ఆ పూటంతా నాకు అన్నం దిగేది కాదు. చివరికి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాను. గుమ్మం దాటితే అది వస్తుందని గుమ్మం దాటడం కూడా తగ్గించేశాను. అప్పుడు మా ఆయన ఇంకేమీ అడగకుండా ఆ రెండో డాక్టరుగారి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.

ఆవిడ ఓపిగ్గా గంటసేపు విన్నారు. మాత్రలు రాశారు. ఇంకో కాగితం మీద టైంటేబుల్ రాసిచ్చారు. అయిదున్నరకి లేవాలి. ఆరింటికి నడక. ఎనిమిదింటికి టిఫిను. రోజూ చేత్తో చేసే పని ఏదో ఒకటి. సాయంత్రం నాలుగున్నర నుంచి నాలుగూ ముప్పావు దాకా భయపడాలి.

"భయపడాలా?" అన్నాను.

"ఆ పావుగంటలోనే పడాలి. మిగతా వేళల్లో భయం వస్తే, నాలుగున్నరకి రమ్మని చెప్పి పుస్తకంలో రాసిపెట్టుకోండి."

ఇదేం వైద్యమో అనుకుంటూ ఇంటికొచ్చి కాగితం బల్ల మీద పడేశాను. మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది. డెబ్భై దాటిన మనిషి, చదివింది అయిదో తరగతి. డాక్టరు రాసింది తు.చ. తప్పకూడదని ఆవిడ సిద్ధాంతం. కాగితాన్ని ఫ్రిజ్ మీద అతికించి, "రేపటి నుంచేనే అమ్మాయ్," అంది.

మర్నాడు అయిదున్నరకి దుప్పటి లాగేసింది. ఆరింటికి మనవరాలి పాత బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. "మీరెందుకత్తయ్యా?" అంటే, "నువ్వు మధ్యలో తిరిగొచ్చేస్తే? నేను చూసుకోవాలిగా," అంది. ఆ మొదటిరోజు మేం వీధి చివర పాలబూత్ దాకానే వెళ్ళాం. వారం తిరిగేసరికి చిలకలపూడి రోడ్డు దాకా పోతున్నాం. దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ ఆవిడ పలకరించేది, ప్రతి ఇంటి ముందు మొక్కకీ పేరడిగేది. నా గుండె సంగతి గమనించుకుందామంటే నాకు తీరిక దొరికేది కాదు.

నాలుగున్నర పని మాత్రం మొదట్లో కుదర్లేదు. వసారాలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఒక్క భయమూ రాదు. పొద్దున పదింటికి పీక మీద కూర్చున్నవి, సాయంత్రం చదివితే నాకే వెర్రిగా అనిపించేవి. గ్యాస్ లీకవుతోందేమో. అమ్మాయి ఎక్కిన బస్సు బ్రేకులు బాగున్నాయో లేదో. ఎడం చెయ్యి తిమ్మిరెక్కింది. మూడోరోజో నాలుగోరోజో అత్తయ్య నాకు టీ ఇచ్చి పక్కనే పీట వేసుకుంది.

"పైకి చదవ్వే, నేనూ వింటా."

చదివాను. గోడ గడియారం చూసింది. "ఇంకా ఆరు నిమిషాలుంది. నావి చెప్పుకోనా?"

నవ్వుతూ చెప్పమన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దగ్గర. ఆ పెద్ద ఉప్పెన వచ్చిన ఏడాది ఆవిడ కొత్త పెళ్ళికూతురు, బందర్లో ఉంది. పుట్టింటి వాళ్ళు ముగ్గురు పోయారు. ఇదంతా నాకు తెలుసు. తెలియనిది, ఆ తర్వాత ఆవిడ ఎలా ఉందన్నది. గాలి తూర్పుకి తిరిగితే చాలు, ఇప్పటికీ ఆవిడకి కాళ్ళు చల్లబడతాయట. పడుకోబోయే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటుందట. పుట్టింటికి వెళ్ళినా, సముద్రం వైపు మాత్రం ఇంతవరకూ అడుగు వెయ్యలేదట.

"నీకొచ్చిందే నాకూ ఉందనుకుంటానే. దానికో పేరుందని తెలీదంతే," అంది.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆవిడ గడియ చూసుకోవడం రోజూ చూశాను. చాదస్తం అనుకున్నాను. ఆ సాయంత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటే పావుగంట కాస్తా గంటయింది.

కొన్నాళ్ళకి పక్కింటి అక్క కూడా చేరింది. సాయిబుల ఇంటి కోడలు, రోల్డుగోల్డు నగలకి రాళ్ళు అతుకుతుంది. గోడవతల నుంచి మా మాటలు వింటూ ఉండేదట. "పిన్నిగారూ, మీ టీ పార్టీకి నన్ను పిలవరా?" అంటూ ఒకరోజు వేడి సమోసాలతో వచ్చింది.

"టీ పార్టీ కాదమ్మా. భయాలు చెప్పుకుంటున్నాం. నీ దగ్గర ఉన్నాయా?"

"బోలెడు!"

ఆమె భయాల్లో పెద్దది, రాళ్ళు సరిగ్గా కుదరడం లేదని, చేతిలో పనితనం పోయిందని. రెండు నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె సూదిలో దారం ఎక్కించబోయి సూదిని ఎంత దూరం పెడుతోందో చూశాను. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నా అంతట నేనే బయల్దేరి ఆటో ఎక్కానని తిరిగొచ్చాక గాని నాకు తట్టలేదు. కొత్త కళ్ళజోడుతో మొదటి జత దుద్దులు చేసి మా అత్తయ్య చెవులకే పెట్టింది.

అన్నీ ఇంత బాగా సాగలేదు. వానాకాలంలో పదిరోజులు నేను మంచం దిగలేదు. అత్తయ్య కసరలేదు. ఆరింటికి బూట్లు తొడుక్కుని నా మంచం పక్కన కూర్చునేది, ఏడింటికి విప్పేది. పదకొండో రోజు నాకే జాలేసి లేచాను.

చలికాలం చివర్లో దివిసీమ నుంచి పిలుపొచ్చింది. అత్తయ్య తమ్ముడి మనవరాలికి ఓణీల ఫంక్షన్. కారు మాట్లాడతానని మా ఆయన అన్నారు. "బస్సులోనే వెళ్తాను," అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. పక్కింటి అక్క తనూ వస్తానంది.

బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. చల్లపల్లి దాటాక వచ్చింది అది, సరిగ్గా రైల్లో వచ్చినట్టే. ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను.

"దిగుదామా చెల్లీ?" అంది అక్క మెల్లగా.

"వద్దక్కా. వచ్చింది, పోతుంది. నాతో పాటు ఊపిరి లెక్కపెట్టు."

నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. రెండో వైపు నుంచి అత్తయ్య కూడా పైకే లెక్కపెడుతోంది. వెనకసీటు వాళ్ళు ఏం మంత్రమోనని చూస్తున్నారు. మోపిదేవి వచ్చేసరికి కమ్మీ మీద నా పట్టు సడలింది. కిటికీలోంచి వచ్చే గాలి చల్లగా ఉందని అప్పుడు తెలిసింది. అత్తయ్య ఆనందం పట్టలేక, "మా కోడలు దిగలేదు నాయనా!" అంది కండక్టరుతో.

"ఎక్కడ దిగాలమ్మా ఆవిడ? స్టేజీ దాటిపోయిందా?" అని అతను కంగారుపడి బెల్లు కొట్టబోయాడు. అతన్ని ఆపేసరికి మాకు నవ్వుతో కళ్ళనీళ్ళొచ్చాయి.

ఫంక్షన్లో పీకల్దాకా తిన్నాం. భోజనాలయ్యాక అత్తయ్యే, "పాలకాయతిప్ప ఎంతదూరంరా?" అని తమ్ముణ్ణి అడిగింది. పాలకాయతిప్ప అంటే అక్కడి సముద్రపొడ్డు. ఆయన అక్కగారి ముఖంలోకి ఒక్కక్షణం చూసి, ఆటో పిలిచాడు.

సరుగుడు చెట్ల దగ్గర అత్తయ్య ఆగిపోయింది. "మీరెళ్ళండి. నేనిక్కడే కూచుంటా."

నేను రమ్మని అనలేదు. పక్కనే ఇసకలో కూర్చున్నాను. అక్క తన బురఖా అంచు ఎత్తిపట్టుకుని నీళ్ళవైపు వెళ్ళిపోయింది. చాలాసేపటి తర్వాత అత్తయ్య, "ఎంత నీలంగా ఉందే," అంది. ఇంకాసేపటికి లేచి పది అడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ పది. నేను ఒకడుగు వెనకే నడిచాను, పొద్దున నడకల్లో ఆవిడ నా వెనక నడిచినట్టు. నీళ్ళు పాదాలకి తగలగానే కేక పెట్టింది. రెండో అల మోకాళ్ళదాకా వచ్చి, ఆవిడ ఎడమ చెప్పు లాక్కుపోయింది.

"నా చెప్పు! కొత్తదే!"

అక్క చెప్పు వెనకాల, నేను అక్క వెనకాల పరుగెత్తాం. మూడు అలలు దాటాక దొరికింది. ముగ్గురం నడుముదాకా తడిసిపోయాం. అత్తయ్య సముద్రం నడిమధ్యకి వేలు చూపిస్తూ, "నా వాళ్ళని తీసుకున్నావు. చెప్పు మటుకు ఇవ్వను!" అని అరిచింది. అని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. మేమిద్దరం ఆవిణ్ణి చెరోవైపు పట్టుకుని అలాగే నిలబడ్డాం.

ఇప్పుడు బందర్లోనే ఒక ల్యాబులో పొద్దునపూట పనిచేస్తున్నాను. మాత్రల మోతాదు డాక్టరుగారు సగానికి తగ్గించారు. అది ఇంకా వస్తుంది, నెలకి ఒకటి రెండుసార్లు. వచ్చి, కాసేపుండి, పోతుంది.

మొన్న ఒక పెద్దాయన రక్తం ఇవ్వడానికొచ్చి సూది చూడగానే చెమటలు పట్టి లేచిపోబోయాడు. కూర్చోబెట్టాను. "నాకూ భయాలున్నాయండీ. ముందు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి," అన్నాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని బుద్ధిగా లెక్కపెట్టాడు.

"అయిపోయిందా అమ్మా? ఏమీ తెలీనేలేదు. మీ చెయ్యి ఎంత తేలికండీ!"

"ఇంకా మొదలే పెట్టలేదండీ," అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు. ఇద్దరం ఎంత నవ్వామంటే, సూది పక్కన పెట్టి రెండు నిమిషాలు ఆగాల్సొచ్చింది.