నేను లేదన్న మాత్ర

నందికొట్కూరులో ఒక బాలికల హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. ప్రతి గురువారం మా బడికి ఒక నర్సమ్మ వచ్చి, ల్యాబు పక్క గదిలో చిన్న క్లినిక్ నడుపుతుంది. రక్తం తక్కువున్న పిల్లలకు ఐరన్ మాత్రలిస్తుంది. నోటితో అడగలేని ప్రశ్నలు చీటీ మీద రాసి వేయమని గోడకు ఒక అట్టపెట్టె తగిలించింది.

ఒక గురువారం ఆమె పదో తరగతి పిల్లల ముందు ఆ చీటీలు చదువుతోంది. నేను వెనక బెంచీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

"హెచ్ఐవి రాకుండా ఆపే మాత్రలు ఉండాయా? మా మేడం లేవని చెప్పినారు."

నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. పిల్లలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ముందురోజే ఆ పాఠం చెప్పాను. టీకా లేదు, మందు లేదు, జాగ్రత్తగా ఉండటమే అని సిగ్గుతో గబగబా ముగించాను.

నర్సమ్మ నా వైపు చూడకుండా, "టీకా లేదనేది నిజమే. మాత్రలైతే ఉండాయి" అంది. వైరస్ సోకే అవకాశం ఎక్కువున్న వాళ్లు పరీక్షలు చేయించుకుని, డాక్టరు రాస్తే ముందునుంచే వాడేవి కొన్ని. సోకిందేమోనని అనుమానం వస్తే డెబ్బైరెండు గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిదట, మొదలుపెట్టి ఇరవై ఎనిమిది రోజులు వాడేవి ఇంకొన్ని.

"యాడ దొరుకుతాయి?" అని అడిగింది నేనే. పిల్లలు పగలబడి నవ్వారు. ముందు పెద్దాసుపత్రిలో అడగాలంది నర్సమ్మ.

మరునాడు క్లాసులో, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"ఆ చీటీ నేనే రాసినా మేడం. మా అమ్మీ కర్నూలు ఆస్పత్రిలో ఊడుస్తాది. పోయిన సంవత్సరం చెత్తలో సూది గుచ్చుకుంటే, ఆ పొద్దే డాక్టరు మాత్రలిచ్చినాడు. తర్వాత చేసిన రక్తపరీక్షలన్నీ బాగొచ్చినాయి."

"మరి నేను పాఠం చెప్పేటప్పుడే అనొచ్చు కదమ్మా?"

"మీరు శానా తొందర్లో ఉంటిరి మేడం."

ఆ మాటకు నాకే నవ్వొచ్చింది. వాళ్ల అమ్మను బడికి రమ్మని కబురు పంపాను. తరువాతి గురువారం సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. బురఖా ముసుగు పైకి మడిచి, కుర్చీలో హాయిగా కూర్చుని, జరిగిందంతా చెప్పింది. మాత్రలు మింగితే కడుపులో తిప్పేదట. భర్త రోజూ టైముకు నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేవాడట.

"భయపడలేదా ఆంటీ?" అని ఒక పిల్ల అడిగింది.

"భయపడకుండా ఉంటానా! భయం సంగతి ఇంటికి పోయినాక చూసుకుందాం, ముందు డాక్టరు దగ్గరికి పోదామనుకున్నా. మీరూ అంతే. మూడు దినాలు దాటనీయొద్దండి."

"మూడు దినాలు కాదమ్మీ, డెబ్బైరెండు గంటలు" అని కూతురు సరిదిద్దింది.

"రెండూ ఒకటే కదే!" అంది తల్లి. గదంతా నవ్వులే. ఆ అమ్మాయి అంత గట్టిగా నవ్వడం నేను మొదటిసారి చూశాను.